కసర్, కొసరు

"రోజూ హైదరాబాద్ పోతనే ఉన్నవ్ గదా, మల్ల తల్లిగారింటికి పోవుడేంది?"

ఖాజా పాషా ఈ మాట అన్నప్పుడు నిఖత్ రెండు చేతులు పిండిల ఉన్నయ్. పొద్దుగాల నాలుగున్నర. వరంగల్ శివనగర్ గల్లీల ఇంక పాలబండి గూడ రాలే. ఆయన మంచం దిగకుండనే, మొఖం మీది దుప్పటి జర పక్కకు జరిపి అన్నడు. కోపంగ అన్లేదు. కోపంగ అంటే తిరిగి ఒక మాటన్న అనొచ్చు. నిజంగనే సమజ్ గాక అడిగినట్టు, పెండ్లాం లెక్కల తప్పు దొరికినట్టు అన్నడు. నిఖత్ పిండిని ఇంకో నాలుగు గుద్దులు గుద్దింది. ఆ ఇంట్ల చపాతీలు దూదిలెక్క మెత్తగ వస్తయని చుట్టాలందరు మెచ్చుకునేది ఆ గుద్దులకే.

నిఖత్ బస్సు కండక్టర్. పదకొండేండ్ల సర్వీసు. హన్మకొండ నుంచి ఉప్పల్ పోయే ఎక్స్‌ప్రెస్ మీద వారానికి అయిదు దినాలు డ్యూటి. పోను నూట నలభై కిలోమీటర్లు, రాను నూట నలభై. "హైదరాబాద్ ఎంతసేపు పడ్తది మేడం?" అని నిద్రల లేపి అడిగినా "మూడు గంటలు" అంటది. ఫోన్ల చూస్తే రెండున్నరే చూపిస్తది. ఫోన్‌కేం ఎరుక? అది బస్సు కదిలిన కాడికెళ్లి లెక్కపెడ్తది. నిఖత్‌కు హైదరాబాద్ తొవ్వ ముందురోజు నానబెట్టిన శనగపప్పు కాడ మొదలైతది. అత్తమ్మకు షుగర్ గోలి, గోలి కంటె ముందు రెండు బిస్కెట్లు. ఆయనకు పొద్దటికి చపాతి, పగటికి అన్నం డబ్బ. నల్లా వచ్చే దినమైతే రెండు డ్రమ్ములు, నాలుగు బిందెలు. వాకిలి, గిన్నెలు, బట్టలు. ఆఖర్న తన ఖాకీ ఆప్రాన్ తొడుక్కొని, అండర్ బ్రిడ్జి దాటి, ఆటో పట్టుకొని హన్మకొండ చేరెవరకు ఆమె కాళ్లు సగం హైదరాబాద్ నడిచినంత అలిసిపోతయ్. మర్లి వచ్చినంక సుత అంతే. బస్సు దిగినంక మొదలయ్యే ప్రయాణం ఏ బోర్డు మీద రాసి ఉండదు.

కూరగాయల బక్కమ్మ కాడ కిలో టమాటలు కొంటే, తూకం అయినంక ఒక కరివేపాకు రెబ్బ, రెండు పచ్చిమిరపకాయలు ఉత్తగ సంచిల ఏస్తది. కొసరు. అడిగి తీసుకునుడు కొన్నోళ్ల హక్కన్నట్టు అందరు అడుగుతరు. నిఖత్ ఇంటి పని గూడ అట్లనే, డ్యూటి తూకం అయినంక పడే కొసరు. కాకపోతే టమాటల కంటె కొసరే బరువెక్కువ. ఆ ముచ్చట ఎవలికి చెప్తది? చెప్తే ఖాజా పాషా, "నీకేంది, బస్సుల ఏసీ లేకున్న గాలి వస్తది. నేను సీట్ కవర్ల దుకాణంల రెగ్జిన్ వాసన పీలుస్తున్న" అంటడు. ఆయన దుకాణం ఇంటికి ముప్పై అడుగుల దూరంల ఉంటది. పగటీలి అన్నానికి ఇంటికొచ్చి, తిని, పండుకొని పోతడు.

ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయినంక నిఖత్‌కు కూసునే జాగ గూడ పోయింది. కండక్టర్ సీట్ల ఎవలో ఒక పిల్లలతల్లి కూసుంటది, లెమ్మనబుద్ధి గాదు. మూడు గంటలు నిలబడే, జనం నడుమల కెళ్లి నూకుకుంట, మిషన్ల జీరో టికెట్లు కొట్టుకుంట పోతది. మొన్న కట్టమ్మ అనే ముసలామె కాజీపేటల ఎక్కి, ఆధార్ కార్డు కండ్ల ముంగట ఊపి, "ఇగ ముసలోన్ని పైసలడిగే పని లేదు బిడ్డా, బుద్ధి పుట్టినప్పుడల్ల మా అవ్వగారింటికి పోతున్న. ఇంట్ల అవ్వ లేదు, తమ్ముడున్నడు. అయినా పోతున్న" అని బస్సంత వినపడేటట్టు నవ్వింది. నిఖత్ ఆమెకు టికెట్ కొట్టిచ్చింది. దినాం ఎంతమంది ఆడోళ్లను తల్లిగారిండ్లల్ల దింపుతున్నదో ఆమెకే లెక్కలేదు. జనగాంల పదిమంది, ఆలేరుల ఆరుగురు, భువనగిరిల ఇంకింతమంది.

నిఖత్ తల్లిగారిల్లు రామంతాపూర్. ఉప్పల్ నుంచి ఆటోల పది నిమిషాలు. బస్సు ఉప్పల్‌ల నలభై నిమిషాలు ఆగుతది. కాయితం మీద చూస్తే సరిపోతది గద అనిపిస్తది. కాని ఆ నలభైల బాత్రూం ఎతుక్కునుడు, డబ్బల అన్నం రెండు బుక్కలు తినుడు, నమాజు చదువుకునుడు అయితయ్. ఎన్నడన్న ట్రాఫిక్ అయితే నలభై కాస్త పదిహేనైతది. అందుకే అమ్మీయే వస్తది. పదిహేను రోజులకొకసారి, టమాట ఖట్టా డబ్బ సంచిల పెట్టుకొని, ఉప్పల్ రింగురోడ్డు కాడ నిలబడుతది. కిటికీల నుంచి డబ్బ అందిస్తది. "మంచిగున్నవా?" "మంచిగున్న అమ్మీ." సాంబయ్య హారన్ కొడ్తడు. దీన్నే ఖాజా పాషా రోజూ హైదరాబాద్ పోవుడు అంటడు.

సాంబయ్య ఆ బస్సు డ్రైవర్. రిటైర్మెంట్ దగ్గరున్నోడు, నిఖత్‌ను చెల్లె అంటడు. ఉప్పల్‌ల బస్సు ఖాళీ అయినంక ఆమె సీట్ల నడిమి తొవ్వల తువ్వాల పరుచుకొని నమాజుకు నిలబడితే, ఆయన డోర్ కాడ కాపల ఉంటడు. ఎవలన్న ఎక్కబోతే "జర ఆగున్రి, మా చెల్లె ప్రార్థనల ఉన్నది" అంటడు. ఒకనాడు ఉండబట్టలేక అడిగిండు.

"చెల్లె, మా ఇంటిపక్క భాయ్ పగటీలి నమాజు చదివితే చానసేపు పడ్తది. నీది గింత జల్దిగ అయిపాయె. ఏమన్న మర్చిపోయినవా?"

నిఖత్‌కు నవ్వొచ్చింది. "లేదన్నా. లేచి నిలబడి, వంగి, నేలకు తల ఆనిచ్చి లేచేది ఒక రకాత్. ఇంట్ల ఉంటే పగటీలి ఫర్జ్, తప్పకుండ చదవాల్సింది, నాలుగు రకాత్లు. డెబ్బై ఎనిమిది కిలోమీటర్లు దాటి పోతే ముసాఫిర్ కింద లెక్క. అప్పుడు రెండే. దాన్ని కసర్ అంటరు. తొవ్వల అలిసిపోతరని సగం మాఫ్."

"పోయిన కాడ ఎన్ని దినాలున్నా రెండేనా?"

"పదిహేను దినాలకంటె తక్కువుంట అనుకుంటే రెండే. పదిహేను దినాలు, అంతకు మీద ఉంట అని మనసుల గట్టిగ అనుకుంటే ఇగ ఆ జాగ ఇల్లసొంటిదే. నాలుగు పూరా చదవాలె."

"మీ దేవుడు మంచోడు చెల్లె" అన్నడు సాంబయ్య, స్టీరింగ్ తుడుచుకుంట. "తొవ్వల అలిసిపోతరని ఆయనకు సమజైంది. మనుషులకే సమజ్ గాదు."

ఆ మాట నిఖత్‌కు భువనగిరి దాటేదాక చెవుల్లనే ఉన్నది. నిజమే గదా. అల్లా సగం మాఫ్ చేసిండు. ఇంట్ల ఒక్క చపాతి మాఫ్ చేసినోళ్లు లేరు.

అసలు ఆ కసర్ ముచ్చట ఆమెకు నేర్పింది అత్తమ్మ బడేబీ. పెండ్లయి పందొమ్మిదేండ్లు. మొదటిసారి తల్లిగారింటికి పోయేనాడు సంచి సదురుకుంటుంటే అత్తమ్మ దగ్గరికి పిలిచి, తల మీద చెయ్యేసి, శానా ప్రేమగ చెప్పింది. "బేటీ, ఆడ పోయి నాలుగు చదివేవు, తప్పయితది. నీ వతన్, నీ సొంతూరు, ఇప్పుడు ఇది. పదిహేను దినాల లోపు అయితే తల్లిగారింట్ల నువ్వు ముసాఫిర్‌వి." బడేబీ గల్లీ పిల్లలకు అరబ్బీ చదువు చెప్పిన మనిషి. మసలా, అంటే మతం నియమం, చెప్తే తిరుగుండదు.

నిఖత్ పోయింది. ఏడేండ్ల వయసుల ఏ చాప మీద అమ్మీ తనకు నమాజు నేర్పిందో అదే చాప మీద నిలబడ్డది. రెండు రకాత్లకే మొఖం కుడికి, ఎడమకు తిప్పి సలాం చెప్పి, నమాజు ముగించి లేచింది. అమ్మీ చాటల బియ్యం ఏరుతున్నది. "అప్పుడే అయిపోయిందా బిడ్డా?" అన్నది. "రెండే అమ్మీ. ముసాఫిర్‌ను గద." అమ్మీ తల వంచుకొని బియ్యం ఏరుకుంటనే ఉన్నది. ఆనాడు అన్నంల రెండు రాళ్లు తగిలినయ్. అమ్మీ ఏరిన బియ్యంల రాయి తగులుడు నిఖత్ అంతకుముందు ఎరగదు.

అప్పటికెళ్లి అమ్మీ ఎన్నడూ "ఎన్ని దినాలుంటవ్" అని అడగలే. పగటీలి నమాజప్పుడు వెనుక కూసొని చూస్తది. రెండుకే సలాం తిరిగిందంటే లేచి వంటింట్లకు పోతది. పందొమ్మిదేండ్లల్ల బిడ్డ సుమయ్యా కాన్పప్పుడు తప్ప నిఖత్ తల్లిగారింట్ల పదిహేను దినాలు ఉన్నది లేదు. ఆ నలభై దినాలు బాలింతకు నమాజే ఉండదాయె. ఆ ఇంట్ల ఆమె ఒక్కపూట గూడ నాలుగు చదవలే.

ఇంకో ముచ్చట. బస్సు స్టేషన్ ఘన్‌పూర్‌ల ఆగినప్పుడల్ల నిఖత్‌కు యాదికొస్తది. బడేబీ తల్లిగారిది ఘన్‌పూరే. వరంగల్‌కు గట్టిగ ముప్పై కిలోమీటర్లు. డెబ్బై ఎనిమిదికి సగం గూడ లేదు. అంటే బడేబీ తన తల్లిగారింట్ల ఎన్నడూ ముసాఫిర్ గాలే. పొద్దున పోయి సాయంత్రం వచ్చినా పూరా నాలుగు చదివొచ్చింది. ఆమె తప్పేం లేదు. దూరం కొందరికి అట్ల కలిసొస్తది.

ఇగ కాళ్ల సంగతి. రెండేండ్ల నుంచి పిక్కల మీద నరాలు నీలంగ, మెలికలు తిరిగి లేస్తున్నయ్. చెప్పులు పొద్దున ఒక సైజు, సాయంత్రం ఇంకో సైజు అయితున్నయ్. మొన్న దవాఖానకు పోతే డాక్టరమ్మ చూసి "నిలబడే పనా?" అనడిగింది. నిఖత్ నోట్లకెళ్లి ఠక్కున వచ్చిన మాట, "కాదు మేడం, బస్సుల పోయే పని." ఇంట్ల విని విని నోటికొచ్చింది గద, అదే అన్నది. డాక్టరమ్మ మల్ల అడిగింది. "ఆ బస్సుల నువ్వు కూసుంటవా?" నిఖత్‌కు ఎందుకో కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. మూడు వారాలు రెస్టు రాసిచ్చింది. కాళ్లు దిండు మీద ఎత్తు పెట్టుకొని పండుకోవాలె, వంటగదిల నిలబడొద్దు, తగ్గకపోతే ఆపరేషన్ అన్నది. సెలవు గూడ మంజూరైంది.

ఖాజా పాషా విని సంబరపడ్డడు. ఆయనకు ముందుగల యాదికొచ్చింది ఆయన అక్క. "మూడు వారాలా? మంచిగైంది. ఆపా నిజామాబాద్ నుంచి వస్తనంటున్నది పిల్లల్ని తీసుకొని. గోడలకు సున్నం గూడ ఏపిద్దాం, నువ్వు ఇంట్ల ఉంటవు గద."

"డాక్టర్ రెస్టు అన్నది."

"ఇంట్ల ఉండుడు రెస్టే గద మరి. డ్యూటి లేదాయె."

తెల్లవారి పొద్దుగాలే లేచి నిఖత్ పిండి కలుపుతున్నది. డాక్టరమ్మ వద్దన్న వంటగదిలనే, నిలబడే కలుపుతున్నది. కలుపుకుంట కలుపుకుంట, "రెస్టుకు నేను అమ్మీ దగ్గరికి పోత" అన్నది. అప్పుడన్నడు ఆయన ఆ మాట, రోజూ పోతనే ఉన్నవ్ గదా అని. అని, జరసేపటికి మంచం మీద లేచి కూసున్నడు. ఏదో అసలైన పాయింటు దొరికినట్టు, "అయినా గా కాళ్ల నొప్పితోని అంత దూరం ఎట్ల పోతవ్?" అన్నడు.

నిఖత్ పిండి చేతుల్తోనే ఆగిపోయింది. అంత దూరం! పదకొండేండ్లు పోయినా, వచ్చినా దూరం గాలేదు. జరమొచ్చిన నాడు గూడ "రెండున్నర గంటలే గద, పోయిరా" అన్న నూట నలభై కిలోమీటర్లు, ఒక్క పొద్దుల అంత దూరమైపోయినయ్. ఆమెకు నవ్వొచ్చింది. మొగడు చూస్తుండంగనే పగలబడి నవ్వింది. ఆయనకు భయమైంది గావచ్చు, "సరే సరే, నాలుగు దినాలు పోయిరా" అన్నడు. పక్క అర్రల నుంచి బడేబీ, "పోనీయ్ రా. నాలుగు దినాలే గద" అని, ఎప్పటిలెక్కనే కలిపింది. "బేటీ, కసర్ యాది పెట్టుకో."

బిడ్డ సుమయ్యా కాలేజి హాస్టల్ల ఉంటది. ఫోన్ చేస్తే అన్నది, "నువ్వు పో మమ్మీ. అబ్బాకు చాయ్ పెట్టరాక గాదు, పెట్టరానట్టు చేస్తడు."

తన బస్సుల తనే ప్యాసింజర్‌గ ఎక్కింది నిఖత్. సాంబయ్య కిటికీ పక్క సీటు ఆపి పెట్టిండు. ఆమె డ్యూటి చేస్తున్న పద్మ జీరో టికెట్ కొట్టి చేతిల పెట్టి, "తల్లిగారింటికా అక్కా?" అని నవ్వింది. ఘన్‌పూర్ చూద్దామనుకున్నది, జనగాం చూద్దామనుకున్నది. మడికొండ దాటకముందే నిద్రపట్టింది. ఉప్పల్‌ల సాంబయ్య లేపిండు. మూడు గంటల దూరం ఎన్నడూ అంత జల్దిగ అయిపోలేదు.

అమ్మీ ఇంట్ల ముందర్ర నిండ చీరలే. ఫాల్సులు కుట్టుడు, పీకోలు ఆమె పని. మిషన్ చప్పుడు ఆగదు. నిఖత్‌ను చాప మీద పండబెట్టి, కాళ్ల కింద రెండు దిండ్లు, దాని మీద మడత పెట్టిన బొంత ఏసింది. మొదటి రెండు దినాలు నిఖత్ తిన్నది, పండుకున్నది, అంతే. నమాజుకు లేచింది, రెండు చదివింది, మల్ల పండుకున్నది. వెనుక మిషన్ ఆగుడు, ఆమె సలాం తిప్పినంక మల్ల నడుచుడు చెవులకు వినపడేది. అన్నం తింటుంటే అమ్మీ కొసరి కొసరి పెట్టింది. కొసరు అనే మాటకు ఇట్లాంటి అర్థం గూడ ఒకటున్నదని నిఖత్ మర్చిపోయింది.

నాలుగోనాడు పొద్దున కాళ్లు కడుక్కుంటుంటే చీలమండ బొక్క, ఆ ఎముక గుబ్బ, కనిపించింది. రెండేండ్ల నుంచి వాపు కింద కనపడకుండ పోయిన బొక్క. వేలుతోని తడిమి చూసింది. తనదే. ఆ బొక్కను చూస్తుంటే ఆమెకు ఏడుపొచ్చింది. బకెట్ నీళ్ల ముంగట కూసొని, నల్లా తిప్పి, చప్పుడు బయటికి రాకుండ ఏడ్చింది. శానా రోజులకు అలసట దిగుతుంటే అట్లనే అయితది గావచ్చు.

పది గంటలకు ఫోనొచ్చింది.

"రేపు పొద్దుగాల ఎన్నింటి బస్సు?" అన్నడు ఖాజా పాషా. "ఆపా పగటీలి వరకు వస్తది. బిర్యాని చెయ్యాలె. అగో, పిండి డబ్బ ఏడున్నది? మూడు దినాల నుంచి హోటల్ రొట్టెలే. మా అమ్మీకి అరుగుతలేవ్."

"వాపు ఇప్పుడిప్పుడే తగ్గుతున్నది" అన్నది నిఖత్.

"తగ్గింది గద! ఇగేంది. రెండున్నర గంటలే గద, కూసొని వస్తవ్."

నిఖత్ ఫోన్ పెట్టేసింది. చాప మీద కూసొని వేళ్ల మీద లెక్కపెట్టింది. మూడు వారాల్ల నాలుగు దినాలు పోతే పదిహేడు. ఆపరేషన్ దాక రావొద్దంటే కాళ్లు ఎత్తు పెట్టి పండుకోవాలె అన్నది డాక్టరమ్మ. రేపు బస్సెక్కితే ఎల్లుండికి ఈ బొక్క మల్ల కనపడదు. ఆ సంగతి ఆయనకు వాదించి చెప్పే ఓపిక ఆమెకు లేదు. పందొమ్మిదేండ్లు చెప్పింది. చెప్పినప్పుడల్ల ఆయన దగ్గర దూరానికి ఒక కొత్త కొలత తయారుగ ఉండేది.

పగటీలి అజా అయింది. కాళ్లు చేతులు కడుక్కొని ఉజూ చేసుకొని వచ్చి ఆ పాత చాప మీద జానమాజ్ పరిచింది. వెనుక మిషన్ ఆగింది. నిఖత్ కండ్లు మూసుకొని మనసుల నియ్యత్ చేసుకున్నది. ఈ జాగల పదిహేను దినాలుంట. ఇంత చిన్న మాట. ఎవలి పర్మిషన్ అడగని మాట. నోటితోని గూడ అనే పని లేదు, మనసుల గట్టిగ అనుకుంటే చాలు. మసలా అదే చెప్తున్నది.

మొదటి రకాత్. రెండోది. కూసున్నది. ఇప్పుడు సలాం తిప్పాలె. వెనుక అమ్మీ ఎప్పటిలెక్కనే వంటింట్లకు పోవడానికి మోకాళ్ల మీద చేతులేసి లేస్తున్న చప్పుడైంది.

నిఖత్ సలాం తిప్పలే. మూడో రకాత్‌కు లేచి నిలబడ్డది.

లేస్తున్న అమ్మీ మల్ల కూలబడ్డట్టు వినిపించింది. పిక్కలు జర లాగినయ్, అయినా నిఖత్ నాలుగోది గూడ నిమ్మలంగ, ఏ బస్సుకూ తొందర లేనట్టు చదివింది. సలాం తిప్పి చూస్తే అమ్మీ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కూసున్నది. "నాలుగు" అన్నది, అదేదో పిల్ల పుట్టిన ముచ్చటలెక్క.

మల్ల ఫోన్ మోగింది. ఈసారి బడేబీ. కొడుకు ఫోనే, స్పీకర్ల పెట్టిండ్రు. వెనుక ఆయన గొంతు గూడ వినపడుతున్నది. "ఏ బస్సట? అడుగు అమ్మీ, ఏ బస్సట?"

బడేబీ బస్సు సంగతి అడగలే. ఎప్పటిలెక్కనే షురూ చేసింది. "బేటీ, మంచిగున్నవా? కసర్ చదువుతున్నవ్ గదా?"

"లేదత్తమ్మా" అన్నది నిఖత్. "ఇయ్యాల పూరా చదివిన."

బడేబీ మసలా తెలిసిన మనిషి. లెక్క ఆమెకు ఎవలూ చెప్పే పని లేదు.

"నాలుగు?"

"నాలుగు, అత్తమ్మా."

"ఏమంటున్నది? రేపేనా?" వెనుక ఖాజా పాషా.

బడేబీ ఒక పెద్ద ఊపిరి ఇడిచింది. అది కోపమో, ఇంకేమో నిఖత్‌కు సమజ్ గాలే. ఆమె మాట మాత్రం నూట నలభై కిలోమీటర్ల అవతలికెళ్లి పక్క అర్రల ఉన్నట్టే స్పష్టంగ వినిపించింది.

"అరే ఖాజా, లే. ఆ పిండి డబ్బ ఏడున్నదో ఎతుకు పో. నీ పెండ్లాం పూరా చదివిందట."